ఉప్పు లేని ఇల్లు

మా పాపకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేలేనాటికి దానికి నాలుగేళ్ళు. అప్పటిదాకా ఆ పేరు మా ఇంట్లో ఎవరమూ వినలేదు. 2022 వానాకాలంలో పొద్దున్నే లేచేసరికి దాని కళ్ళ కింద ఉబ్బి ఉండేది. మధ్యాహ్నానికి తగ్గిపోయేది. మొదట చూపించిన చోట ఎలర్జీ అని మందు రాశారు. కొన్నాళ్ళకే కాళ్ళు పొంగాయి. మేజోళ్ళ ఎలాస్టిక్ పట్టిన చోట గాడి పడి, ఎంతకీ పోయేది కాదు. పొట్ట బిగుసుకుపోయి గౌను గుండీలు అందలేదు. ఇంకో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మూత్రం పరీక్ష చూసి ఆ రోజే ఆసుపత్రిలో ఉంచమన్నారు.

ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పారు. మూత్రపిండాల్లో రక్తాన్ని వడగట్టే చోట జల్లెడ కన్నాలు పెద్దవైనట్టు అవుతుందట. ఒంట్లో నిలవాల్సిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తి మూత్రంలో పోతుంది. అది తగ్గితే రక్తంలో ఉండాల్సిన నీరు బయటికి దిగి వాపు వస్తుంది. చిన్నపిల్లల్లో ఎక్కువమందికి ఇది స్టెరాయిడ్ మందుకు లొంగుతుందని ధైర్యం చెప్పారు. కానీ తిరగబెట్టే గుణం ఉందనీ, జలుబు చేసినా చాలు మళ్ళీ మొదలు కావచ్చనీ, కొన్నేళ్ళు కనిపెట్టుకుని ఉండాలనీ కూడా అన్నారు. పెద్దయ్యేకొద్దీ చాలామంది పిల్లలు దీన్నుంచి బయటపడతారన్న మాట ఒక్కటి పట్టుకుని మేము ఇంటికొచ్చాం.

మాది విజయవాడ. మా ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు. నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల కొట్లో లెక్కలు చూసేవాణ్ని. పాపను బడికి పంపే వీల్లేదు. ఆ మందు వాడినన్నాళ్ళూ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి నలుగురిలోకి తీసుకెళ్ళకూడదు. పూట పూటా చూసుకునే మనిషి ఇంట్లో ఉండాలి. ఇద్దరం కూర్చుని లెక్క వేసుకుంటే నిలకడైన జీతం ఆవిడది. నేను మానేశాను. అంతకుముందు నాకు వంటంటే టీ పెట్టడం, గుడ్డు ఉడకబెట్టడం, అన్నం వార్చడం. అక్కణ్ణించి మొదలుపెట్టాను.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సమ్మ ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి ఇచ్చింది. తేదీ, బరువు, మూత్రం పరీక్ష, మందు మోతాదు, జ్వరం. రోజూ పొద్దున్నే మొదటి మూత్రంలో పరీక్ష పుల్ల ముంచాలి. పుల్ల చివరనున్న చిన్న గడి పసుపు రంగులోనే ఉంటే మాంసకృత్తి పోవడం లేదని. ఆకుపచ్చకు తిరిగితే పోతోందని, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ఎక్కువగా పోతోందని. వరసగా మూడు రోజులు పసుపు వస్తే జబ్బు అణిగినట్టు. వరసగా మూడు రోజులు 3 ప్లస్ గానీ 4 ప్లస్ గానీ వస్తే తిరగబెట్టినట్టు. మందు కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల లెక్కన రోజూ 6 వారాలు, తర్వాత తగ్గించి రోజు మార్చి రోజు ఇంకో 6 వారాలు. మనంతట మనం ఒక్క రోజు కూడా ఆపకూడదు. కడుపునొప్పీ జ్వరమూ కలిసి వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తేవాలి. ఇంటి చుట్టుపక్కల ఆటలమ్మ పోసిందని తెలిస్తే వెంటనే ఫోన్ చేయాలి. ఏ టీకా అయినా అడక్కుండా వేయించకూడదు. వాపు ఉన్నన్నాళ్ళూ ఉప్పు కలపకూడదు.

ఆ చివరి మాట చిన్నదిగా వినిపించింది. మా ఇంటిని తలకిందులు చేసింది అదే.

తెలుగువాళ్ళ వంటింట్లో ఉప్పు లేని మూల ఏదో వెతకండి. పచ్చళ్ళు, అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయలు, కందిపొడి, చారు. ఇవన్నీ పక్కన పెడితే పళ్ళెంలో ఏం మిగులుతుంది? కనిపించే ఉప్పు తీసేశాక కనిపించనిదాన్ని వెతకాల్సి వచ్చింది. బ్రెడ్‌లో ఉంది. తియ్య బిస్కెట్లోనూ ఉంది. కొట్లో కొన్న మరమరాల్లో ఉంది. బజ్జీల పిండిలో కలిపే వంటసోడాలోనూ, నూడుల్స్ పొట్లంలోని పొడిలోనూ ఉప్పులో ఉండే సోడియమే ఉంది. తక్కువ సోడియం ఉప్పని అమ్మేవి వాడదామని అడిగితే, వాటిలో పొటాషియం ఉంటుంది, మూత్రపిండాల జబ్బులో మమ్మల్ని అడక్కుండా వాడొద్దని డాక్టరుగారు చెప్పారు.

మొదటి వారం పాప ఏదీ ముట్టలేదు. పప్పన్నం నోట్లో పెట్టుకుని అలాగే ఉంచుకునేది, మింగేది కాదు. అన్నయ్య పళ్ళెంలోకి చూసేది. పెద్దాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. వాడికి మామూలు కూర, దానికి చప్పిడి కూర. ఒకే చాప మీద రెండు రకాల భోజనం. మూడో రోజు పాప తన పళ్ళెం తోసేసి, "నాకే ఎందుకు నాన్నా?" అని అడిగింది. ఆ రాత్రి మా ఆవిడా నేనూ ఒక మాట అనుకున్నాం. రేపట్నుంచి పొయ్యి మీద ఒకటే వంట, ఇంట్లో అందరం అదే తింటాం. ఉప్పు డబ్బా అటక ఎక్కింది. పెద్దాడు మాత్రం ఎదిగే పిల్లాడు, వాడి మీద ఇంత భారం పెట్టకూడదని మా ఆవిడ వాడి కేరేజీలో బళ్ళో తినడానికి వేరే కూర సర్దేది.

ఆ మాట అనుకున్నాక నా పని మారింది. పాప ఒక్కదానికి చప్పిడి కూర వండటం కాదు, నలుగురూ ఇష్టంగా తినే ఉప్పులేని కూర వండాలి. పులుపు నన్ను కాపాడింది. మామిడికాయ పప్పు, చింతచిగురు పప్పు, పచ్చిపులుసు ఉప్పు లేకపోయినా నాలుకను లేపుతాయి. నిమ్మరసం పొయ్యి మీదుండగా పిండితే చేదెక్కుతుంది, దించి చల్లారాక పిండితే కూరకు ప్రాణం వస్తుంది. జీలకర్ర అప్పటికప్పుడు వేయించి దంచితే వచ్చే వాసన పొట్లంలో పొడికి రాదు. వంకాయా టమాటా నిప్పుల మీద కాల్చి, వెల్లుల్లి, కొత్తిమీర, కాస్త చింతపండు వేసి నూరితే ఉప్పు సంగతి పెద్దవాళ్ళకు కూడా రెండో ముద్దకు గానీ గుర్తొచ్చేది కాదు. నువ్వులు, వేరుశనగపప్పు, వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించి కొట్టిన పొడి ఇడ్లీల్లోకి. ఇడ్లీ పిండి ఉప్పు వేయకపోయినా పులుస్తుంది, మా ఊరి ఎండకు ఆ దిగులే లేదు. పెసరట్టులో అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ఉంటే చాలు. పెరుగన్నంలో దానిమ్మ గింజలు, అల్లం, కరివేపాకు తాలింపు. ఉడికించిన గుడ్డు మీద మిరియాల పొడి. వీటిలో ఒక్కటీ చేయి తిరిగిన వంట కాదు. అరగంటలో అయ్యేవి, నాలాంటివాడు నేర్చుకోగలిగినవి.

రెండో కష్టం ఆకలి. స్టెరాయిడ్ పిల్లకు ఎంత ఆకలి పుట్టిస్తుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున టిఫిను తిని, అరటిపండు ముక్కలో చేదు మాత్ర మింగి, గంట తిరక్కుండా "అన్నం పెట్టు" అనేది. రాత్రి రెండింటికి లేచి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చేది. పెట్టకపోతే కొరికేది, కొట్టేది. అది పాప కోపం కాదు, మందు చేసే పని అని డాక్టరుగారు ముందే చెప్పారు. తెలిసి కూడా చాలా కష్టంగా ఉండేది. అడిగినప్పుడల్లా పెడితే బరువు పెరుగుతుంది. నూనె, తీపి తగ్గించమన్నారు. కాబట్టి ఇంట్లో ఎప్పుడూ కొరకడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉంచేవాణ్ని. కీర దోసకాయ ముక్కలు, జామకాయ, ఉడికించిన శనగలు, కాల్చిన మొక్కజొన్న కంకి, ఇంట్లో ఉప్పు లేకుండా వేయించిన పేలాలు, ముంజల కాలంలో ముంజలు. చిన్న గిన్నెలో పెట్టి, మెల్లగా తినేలా ఒక్కొక్కటీ చేతికి అందించేవాణ్ని.

అయినా తిండికీ తిండికీ మధ్య గంటలు ఉంటాయి. బయటికి వెళ్ళడానికి లేదు. పక్కింటి పిల్లలు రావడానికి లేదు. ఫోన్ చేతికిస్తే ఊరుకునేది కానీ, తీసుకునేసరికి ముందుకంటే రెట్టింపు ఏడ్చేది. ఆ గంటల్లోనే చేతిపనులు మా ఇంట్లోకి వచ్చాయి.

పాత పేపరు, మైదా ఉడికించిన జిగురు, మొనలేని కత్తెరతో మొదలైంది. మొదట పడవలు, విసనకర్రలు. తర్వాత కొట్లో సరుకులు కట్టిచ్చే కాగితం కవర్లు. మడత సరిగ్గా పెట్టడం, అంచుకు జిగురు రాయడం, అరచేత్తో నొక్కడం. చేతులు జిగురుగా ఉన్నంతసేపూ పాప తిండి అడిగేది కాదు. ఆ సంగతి కనిపెట్టిన రోజు నాకు ఊపిరి ఆడినట్టయింది. కొబ్బరాకు కడిగి తుడిచి ఇస్తే బూర, గడియారం, కళ్ళజోడు చేసుకున్నాం. చిన్నప్పుడు ఊళ్ళో చేసినవి నా వేళ్ళకు ఇంకా గుర్తున్నాయి.

వంటకు రోజూ చింతపండు వాడతాం కదా, గింజలు పోగుపడ్డాయి. మాకు దగ్గర్లోనే కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మల పనివాళ్ళు తెల్ల పొణికి కర్రతో తల, చేతులు, ఒళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ సంగతి పాపకు చెప్పి, గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, ఆ ముద్దను నీళ్ళలో ఉడికించాం. మైదా జిగురు కంటే గట్టిగా పట్టింది. అట్టపెట్టె ముక్కలతో ఎడ్లబండి చేసి దాంతోనే అతికించాం. మిగిలిన గింజలతో వామనగుంటలు ఆడాం. పదిలోపు లెక్కలు పాప అక్కడే నేర్చుకుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది గోడమీది క్యాలెండరు. రోజూ పొద్దున నేను పరీక్ష పుల్ల చూస్తుంటే పాప నా మొహం వైపు చూసేది. పసుపైతే నేను నవ్వుతానని, ఆకుపచ్చయితే మాట్లాడనని దానికి అర్థమైంది. ఒకరోజు ఆకుపచ్చ వచ్చినప్పుడు, "నేను అల్లరి చేయలేదు నాన్నా" అంది. నా మొహం దానికి శిక్షగా మారుతోందని ఆ మాటతో తెలిసింది. ఆ రోజే రంగు కాగితాలు తెచ్చాను. ఆకుపచ్చ, పసుపు చిన్న గడులు కత్తిరించి సీసాల్లో వేశాం. ఏ రంగు వస్తే ఆ రంగు గడి తనే తీసి ఆ తేదీ మీద అంటించాలి. ఆకుపచ్చ వస్తే ఆకు గీస్తాం, పసుపు వస్తే పువ్వు గీస్తాం. ఆకులు ఎక్కువున్న నెల తోట, పూలు ఎక్కువున్న నెల కూడా తోటే. రంగు నీ వల్ల రాదు, జబ్బు వల్ల వస్తుంది అని ప్రతిరోజూ చెప్పేవాణ్ని. కొన్నాళ్ళకు ఆ మాట పాపే నాకు చెప్పడం మొదలుపెట్టింది. ఆ క్యాలెండరు చూసి డాక్టరుగారు నోటుపుస్తకం అడక్కుండానే ఆ నెల ఎలా గడిచిందో చెప్పేశారు.

ఆ రోజుల్లోనే మా అమ్మ ఊరినుంచి ఆవకాయ జాడీతో వచ్చింది. ప్రతి ఏడూ తెచ్చినట్టే తెచ్చింది. జబ్బు సంగతి తెలుసు కానీ, ఉప్పు ఇంతగా మానాలని తెలియదు. "కాస్త ఉప్పు లేకపోతే బిడ్డకు నీరసం రాదట్రా?" అని బాధపడింది. పాప చప్పిడి అన్నం కలుపుకుని తినడం చూసి పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. తర్వాత తనే జాడీకి గుడ్డ కట్టి పక్కింటివాళ్ళకు ఇచ్చేసి వచ్చింది. వెళ్ళేదాకా మాతోపాటు అదే వంట తింది.

అమ్మే మాకు కాగితపు బుట్టలు నేర్పింది. పాత పేపర్లు ముక్కలు చించి, నీళ్ళు మారుస్తూ బాగా నానబెట్టాలి. నానిన మెంతులు చేర్చి రోట్లో మెత్తగా రుబ్బాలి. బోర్లించిన గిన్నె మీద తడిగుడ్డ పరిచి, ఆ గుజ్జును సమానంగా అద్ది ఎండబెట్టాలి. ఎండాక గిన్నె వదిలేస్తుంది, బుట్ట నిలబడుతుంది. మెంతుల చేదుకు పురుగు పట్టదని అమ్మ చెప్పింది. "మీ నాయనమ్మ మినుములు పోసుకునేదిరా వీటిలో" అని నాతో అంటూ పాప చేతులమీద చేతులు వేసి అద్దించేది. ఆ గుజ్జుతోనే చిన్న చిన్న బొమ్మలు కూడా చేశారు. మొదటిసారి పాప నిద్ర వచ్చేదాకా ఆకలి మాట ఎత్తలేదు.

జబ్బు రెండుసార్లు తిరగబెట్టింది. మొదటిది చలికాలంలో. పెద్దాడికి బళ్ళో జలుబు పట్టింది, నాలుగు రోజులకు పాపకు పట్టింది, వారం తిరక్కుండా పుల్ల ముదురు ఆకుపచ్చ. మళ్ళీ పెద్ద మోతాదు మొదలు. ఉప్పు మళ్ళీ అటక ఎక్కింది. పెద్దాడు ఆ సాయంత్రం అన్నం తినలేదు. "నా వల్లే కదా" అన్నాడు. జలుబు గాలిలో వస్తుంది, ఎవరూ తేరని వాడికి చెప్పాను. చెప్పినంత మాత్రాన పిల్లవాడి మనసు తేలికపడదు. అందుకని వాడికి ఒక పని ఇచ్చాం. బడి నుంచి రాగానే స్నానం చేసి, చెల్లెలి క్యాలెండరు కోసం పూలూ ఆకులూ కత్తిరించే బాధ్యత వాడిది. ఆ పని వాడు ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ఆ సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టాం. పేరంటం లేదు, చుట్టాలు లేరు. మెట్లు అట్టపెట్టెలవి, బొమ్మలు గుజ్జువి, బండి చింతగింజల జిగురుది. ప్రసాదం ఉప్పు అవసరమే లేని పరమాన్నం, అందరికీ కొంచెం కొంచెం. రెండోసారి మొదలైన పెద్ద మోతాదుకు పాప బుగ్గలు బాగా ఉబ్బి, ముఖం గుండ్రమై ఉంది. ఫొటో చూసిన చుట్టాలు "బాగా ఒళ్ళు చేసిందే" అన్నారు. పాప విని అద్దం ముందు నిలబడింది. కొలువులో తను చేసిన అమ్మాయి బొమ్మకు కూడా గుండ్రటి బుగ్గలే పెట్టింది. అవి మందు బుగ్గలని, మందు ఆపితే తగ్గుతాయని మా ఆవిడ చెప్పింది. నిజంగానే తగ్గాయి.

నన్ను కూడా మాటలు అన్నారు. ఆడమనిషి ఉద్యోగం చేస్తుంటే మగాడు ఇంట్లో కూర్చున్నాడన్నారు. ఆ మాట మా ఆవిడ చెవిన పడినప్పుడు ఆవిడ గట్టిగానే జవాబిచ్చింది. కూర్చోవడమనేది ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ దొరకలేదు. తెల్లవారుజామున పరీక్ష, బరువు, టిఫిను, మాత్ర, వంట, జిగురు, మధ్యాహ్నం ఏడుపు, సాయంత్రం జ్వరం చూడటం, రాత్రి ఆకలి. జీతం రాదు కాబట్టి దీన్ని పనిగా లెక్కకట్టరు. ఈ పని చేసే అమ్మలు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో నాకు ఇంట్లో ఉన్నాకే కనిపించింది. వాళ్ళెవరికీ ఎవరూ చప్పట్లు కొట్టరు. నాకూ అక్కర్లేదు. కానీ దీన్ని పని అనాలి.

ఇప్పుడు పాప బడికి వెళ్తోంది. మందు ఆపారు. వాపు లేనప్పుడు ఉప్పు మామూలుగా, కానీ తక్కువగా తినవచ్చన్నారు. అటకమీది డబ్బా దిగింది. మేము పెద్దవాళ్ళం కూడా ఇప్పుడు ముందంత వేయలేం. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట, అంటే చెంచాడు లోపు, మాకు ఇప్పుడు తేలిగ్గానే కుదురుతోంది. జలుబు చేసినప్పుడల్లా పరీక్ష పుల్ల బయటికి తీస్తాం. మళ్ళీ తిరగబెట్టవచ్చు. దానికి సిద్ధంగానే ఉన్నాం.

ఇదే జబ్బుతో ఆసుపత్రి వరండాలో కొత్తగా కూర్చునే తల్లిదండ్రులను చూసినప్పుడల్లా నేను వెళ్ళి పలకరిస్తాను. మందు సంగతి డాక్టరుగారు చెప్తారు, ఒక్క మాత్ర కూడా మీ అంతట మీరు మార్చకండి అంటాను. ఆ తర్వాత రెండు మాటలు చెప్తాను. బిడ్డకు వేరుగా వండి వేరుగా పెట్టకండి, కనీసం వాపు ఉన్న రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్ళందరూ అదే వంట తినండి. జబ్బు ఒంటరి చేసినంతగా మనం చేయకూడదు. రెండోది, బిడ్డ చేతులను ఖాళీగా ఉంచకండి. పాత పేపరు, చింతగింజలు, గుప్పెడు మెంతులు, ఎదురుగా కూర్చునే మనిషి ఒకరు ఉంటే చాలు. బజారులో కొనాల్సింది ఏమీ లేదు. ఆ కూర్చునే మనిషి అమ్మ కావచ్చు, నాన్న కావచ్చు, నానమ్మ కావచ్చు. ఎవరైనా సరే, ఆ మనిషిని ఇంట్లో మిగతావాళ్ళు గౌరవంగా చూడండి, వంతు వేసుకుని కాసేపు నిద్రపోనివ్వండి. ఈ జబ్బు కొన్నేళ్ళు సాగుతుంది. అన్నేళ్ళూ ఆ మనిషి నిలబడితేనే బిడ్డ నిలబడుతుంది.